పిస్టల్‌కు స్పేర్ మ్యాగజైన్: పైసలు దండగ కాకుండా, కేసు మెడకు చుట్టుకోకుండా ఎలా కొనాలి

పిస్టల్ జామ్ అయితే అందరూ ముందు పిస్టల్‌ను తిడతారు, తర్వాత తూటాలను తిడతారు, పిడిలో ఎక్కించే తూటాల డబ్బా, అదే మ్యాగజైన్ మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు. నిజానికి మొదట చూడాల్సింది దాన్నే. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) ముందుకు వచ్చే ఆ లిప్తపాటులో తూటా సరైన ఎత్తులో, సరైన వాలులో నిలబడి ఉందా లేదా అన్నది పూర్తిగా ఆ రేకు డబ్బా చేతిలోనే ఉంటుంది. పిస్టల్ మొత్తంలో చవకైన భాగాల్లో అదొకటి కాబట్టి జనం దాన్ని చూడకుండానే కొనేస్తారు.

ఇది లైసెన్సు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నది. మిర్యాలగూడ మిల్లుల వాళ్లు, వ్యాపారం మీద క్యాష్ పట్టుకుని తిరిగేవాళ్లు, మిలిటరీలో చేసి రిటైరై వచ్చినవాళ్లు, పాతకాలంలో పల్లెల్లో భయం ఉన్న రోజుల్లో తండ్రులు తీసుకున్న లైసెన్సును వారసత్వంగా నడుపుతున్నవాళ్లు, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు లైసెన్సు పిస్టల్ అంటే దాదాపు వీళ్లే. ఆ పిస్టల్ కూడా దాదాపు ఎప్పుడూ .32 బోరే (బోరు అంటే గొట్టం కొలత). అందుకే ఉదాహరణలన్నీ దాని మీదే చెప్తాను.

అమెరికా వాళ్ల వీడియోలు పక్కన పెట్టండి

యూట్యూబ్‌లో మ్యాగజైన్ల గురించి వెతికితే వచ్చేవన్నీ 9 మి.మీ. పిస్టళ్లు, ప్లాస్టిక్ మ్యాగజైన్లు, పదిహేను, ఇరవై తూటాలు పట్టేవి, డజన్ల లెక్కన కొనమని సలహాలు. అవి మనకు పనికిరావు. 9 మి.మీ. మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధిత బోరు, మామూలు లైసెన్సు మీద రాదు. సరదాకో, షోకేసులో పెట్టుకోవడానికో దాని మ్యాగజైన్ ఒకటి ఇంట్లో ఉంచుకున్నా అనవసరమైన టెన్షన్ కొనితెచ్చుకున్నట్టే.

ఎందుకంటే 1959 ఆయుధాల చట్టంలో 'ఆయుధం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఆయుధాల విడిభాగాలు కూడా ఉన్నాయి. చాలామంది మ్యాగజైన్‌ను హోల్‌స్టర్ లాగానో పౌచ్ లాగానో ఒక సామాను అనుకుంటారు. కాదు. దాన్ని లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే, మీ లైసెన్సు పుస్తకం చూపించి, బిల్లుతో కొనాలి. బిల్లు మీద బోరు, మోడల్, ఎన్ని అన్నది రాయించుకోండి. ఉత్త 'స్పేర్ పార్ట్' అని రాసిస్తే ఒప్పుకోవద్దు, రేపు ఎవరైనా అడిగితే ఆ కాగితం మీ తరఫున ఏమీ చెప్పదు.

ఇందులోంచే ఇంకో మూడు జాగ్రత్తలు. విదేశీ వెబ్‌సైటులో చవకగా కనిపించిందని పార్సిల్ తెప్పించుకోవద్దు, ఆయుధాల దిగుమతికి విడిగా లైసెన్సు కావాలి, కస్టమ్స్ దగ్గర డబ్బా ఆగితే మీ పేరు, చిరునామా దాని మీదే ఉంటాయి. దొంగ తుపాకుల తయారీకి పేరుపడ్డ బీహార్‌లోని ముంగేర్ నుంచి వచ్చిందని చెవిలో చెప్పి బిల్లు లేకుండా అమ్మే సరుకు ముట్టుకోవద్దు. మూడోది మనోళ్లకు బాగా అలవాటైనది, 'మన లేత్ షాపులో చేయిస్తా, పాతది శాంపిల్ ఇస్తే అచ్చు దించేస్తాడు' అనడం. ఆయుధ భాగాలు తయారు చేయాలన్నా, రిపేరు చేయాలన్నా చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. పైగా లేత్ షాపు అన్న ఎంత పనిమంతుడైనా పలచటి రేకును మడిచి, నోటి దగ్గర తూటాను పట్టే అంచులకు (లిప్స్) వేడితో గట్టిదనం (టెంపరింగ్) పెట్టి, స్ప్రింగ్ చుట్టడం అతని పని కాదు. మీరు ఇరుక్కుంటారు, పాపం ఆయన్నీ ఇరికిస్తారు.

ముందు మీ పిస్టల్ ఏంటో తెలుసుకోండి

డీలర్‌కు ఫోన్ చేసి '.32 మ్యాగజైన్ ఉందా' అంటే ఉందనే అంటాడు. .32 అన్నది తూటా సైజు, మ్యాగజైన్ సైజు కాదు. ఒక్కో మోడల్‌కు మ్యాగజైన్ పొడవు, పట్టు దొరికే గాడి, అడుగు పలక ఆకారం అన్నీ వేరు. స్లైడ్ మీద రాసి ఉన్న మోడల్ పేరు, తయారైన చోటు, సీరియల్ నంబరు అన్నీ కాగితం మీద రాసుకుని అప్పుడు ఫోన్ చేయండి.

ఐరోపా పాత పిస్టళ్ల మీద .32 అని ఉండకపోవచ్చు, 7.65 అని ఉంటుంది. రెండూ ఒకటే తూటా, అమెరికా తుపాకుల డిజైనర్ బ్రౌనింగ్ రూపొందించిన 7.65×17. కానీ 7.65 పారాబెల్లమ్ అని ఇంకోటి ఉంది, అది వేరు. మన దగ్గర ఇంకో గందరగోళం .32 రివాల్వర్ తూటా. అంకె ఒకటే అయినా రివాల్వర్ తూటా పొడుగ్గా, వెనక వెడల్పాటి అంచుతో ఉంటుంది, పిస్టల్ మ్యాగజైన్‌లో కూర్చోదు, కూర్చోబెట్టాలని చూడకూడదు కూడా.

వాల్తర్ పీపీ లాంటివి ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఆ మోడల్ .32లోనూ వచ్చింది, .380 అనే ఇంకాస్త పెద్ద బోరులోనూ వచ్చింది, మ్యాగజైన్లు పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. .32ది 8 పడుతుంది, .380ది 7. మ్యాగజైన్ ఒంటి మీద బోరు ముద్ర ఉంటుంది, చదివే తీసుకోండి. పీపీకి, పీపీకేకి కూడా కలపొద్దు, పీపీకే పిడి పొట్టిది.

మ్యాగజైన్‌ను పట్టి ఉంచే గొళ్లెం ఎక్కడుందో చూడండి. కొన్నింటికి ట్రిగ్గర్ దగ్గర బటన్ ఉంటుంది, కొన్నింటికి పిడి అడుగున, మడమ దగ్గర. అడుగున గొళ్లెం ఉన్న పిస్టల్‌కు అడుగు పలక అంచు సరిగ్గా ఉండాలి, అది అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా మ్యాగజైన్ పైకి పూర్తిగా ఎక్కదు, లేదంటే ఎక్కి ఊగుతుంది. వాటికి రబ్బరు ప్యాడ్లు, పొడుగు పలకలు తగిలించే వేషాలు వద్దు.

ఎక్కడ దొరుకుతాయి, ఎంతకు దొరుకుతాయి

మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల పిస్టల్, అశని లాంటిది ఉంటే మీరు అదృష్టవంతులు. ఫ్యాక్టరీ మ్యాగజైన్ అడగండి, ఇంకో మాట వద్దు. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి 7 కంపెనీలు చేశారు, చిన్న ఆయుధాలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ కిందికి వెళ్లాయి. అందుకని డబ్బా మీద పాత పేరు కనిపిస్తే నకిలీ అని గొడవ పడొద్దు, పాత స్టాక్ అయ్యుండొచ్చు. పేరు కంటే డబ్బాలో ఉన్నదాని పని ముఖ్యం.

అసలు కష్టమంతా పాత విదేశీ పిస్టల్ ఉన్నవాళ్లది. 1980ల నడుమ నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది, కాబట్టి ఇప్పుడు చేతులు మారుతున్న చెక్, జర్మన్, ఇటాలియన్ పిస్టళ్లు చాలావరకు నలభై ఏళ్లు దాటినవే, వాటి మ్యాగజైన్ల వయసూ అంతే. మిర్యాలగూడలో నాకు తెలిసిన ఒక మిల్లు ఆయనకు చెక్ పిస్టల్ ఉంది, తుపాకీ ఇంకా నిగనిగలాడుతుంది కానీ మ్యాగజైన్ స్ప్రింగ్ నీరుగారిపోయి చివరి రెండు తూటాలు పైకి రావు. ఇలాంటివాళ్లు కొత్తదాని కోసం ఏళ్లకేళ్లు వెతకడం కంటే రెండు దారులు చూడొచ్చు. మొదటిది, మ్యాగజైన్ డబ్బా, లిప్స్ బాగుంటే స్ప్రింగ్ ఒక్కటే మార్పించడం, అదీ లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ (తుపాకులు రిపేరు చేసేవాడు) దగ్గర. అన్నిటికంటే చవక ఇదే, చాలాసార్లు ఇదే సరిపోతుంది. రెండోది, డీలర్ల దగ్గర పాత పిస్టళ్లతో పాటు వచ్చి పడి ఉన్న ఒరిజినల్ మ్యాగజైన్లు అడగడం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక్కరికి మూడు తుపాకులు ఉండే పద్ధతి పోయి రెండుకు తగ్గింది కదా, అప్పుడు మూడోది వదులుకున్నవాళ్ల సామాను ఎక్కడో ఒక డీలర్ బీరువాలో ఉండే అవకాశం ఉంది. హైదరాబాద్ డీలర్లకే ఆగిపోకండి, నాలుగు ఫోన్లు ఎక్కువ చేయండి.

ధర గురించి నా లెక్క ఇది. రెండు చవక మ్యాగజైన్లు కొనే డబ్బుకు ఒక్క ఒరిజినల్ వస్తే ఒక్కటే కొనండి. ఆత్మరక్షణకు పెట్టుకునే మనిషికి పిస్టల్‌లో ఒకటి, స్పేర్ ఒకటి, మహా అయితే ఇంకొకటి చాలు. ఐదారు పెట్టుకుని ఏం చేస్తారు, మీ లైసెన్సు మీద రాసిన తూటాల కోటానే వాటికి సరిపోదు. పాత విదేశీ మోడల్ అయితే మాత్రం మంచిది కనిపించినప్పుడు బేరం కోసం వదిలేసి రాకండి, మళ్లీ దొరకదు.

కౌంటర్ మీద పరీక్ష

ఇక్కడే టైం పెట్టాలి. డీలర్ 'ఒరిజినలే సార్, కళ్లు మూసుకుని తీసుకోండి' అంటాడు, మీరు కళ్లు తెరిచే చూడండి. బాగా పనిచేస్తున్న మీ పాత మ్యాగజైన్ ఒకటి వెంట తీసుకెళ్లండి. పిస్టల్ కూడా తీసుకెళ్తే మంచిది, ఖాళీ చేసి, కవర్‌లో పెట్టి, లైసెన్సు పక్కన పెట్టుకుని. అయితే మీ లైసెన్సు ఏ పరిధి వరకు చెల్లుతుందో ముందు చూసుకోండి, జిల్లాకే పరిమితమైతే హైదరాబాద్ బయల్దేరే ముందు అనుమతి సంగతి కనుక్కోవాలి.

మొదట లిప్స్. మ్యాగజైన్ నోటి దగ్గర లోపలికి మడిచిన రెండు రేకు అంచులు అవి, తూటాను పట్టి ఉంచేవి, వదిలేవి రెండూ అవే. పైనుంచి చూస్తే రెండు అంచులూ ఒకే ఎత్తులో, ఒకదానికొకటి అద్దంలో చూసినట్టు ఉండాలి. వేలి గోరు వాటి అంచు మీద నెమ్మదిగా నడిపించండి, ఎక్కడా గరుకు తగలకూడదు. వెనక మూలల్లో, మడత మొదలయ్యే చోట వెంట్రుకంత పగులు వస్తుంది, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేస్తేగానీ కనిపించదు, పాత మ్యాగజైన్ అయితే ఇది తప్పకుండా చూడాలి. వెర్నియర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) ఉంటే పాతదాని లిప్స్ మధ్య దూరం ముందూ వెనకా కొలిచి కొత్తదాంతో పోల్చండి. దూరం ఎక్కువైతే ఒకేసారి రెండు తూటాలు లేచి వస్తాయి, తక్కువైతే తూటా బిగుసుకుని స్లైడ్ మధ్యలో ఆగుతుంది. కొలత తేడా ఉంటే కొనొద్దు. ప్లయర్‌తో కొంచెం ఒత్తితే సరిపోతుందనేవాడి మాట అసలే వినొద్దు, టెంపర్ పెట్టిన రేకు ఒకసారి వంగితే మళ్లీ వంగుతుంది, లేదా విరుగుతుంది.

తర్వాత ఫాలోవర్, అంటే లోపల తూటాలను మోసే పలక. పెన్సిల్ వెనక వైపుతో దాన్ని అడుగు దాకా నొక్కి, వేలు తీయకుండా మెల్లగా పైకి రానివ్వండి. ఎక్కడైనా ఒక్క క్షణం ఆగి టక్కుమని లేస్తే లోపల వెల్డింగ్ అతుకు పొడుచుకు వచ్చిందన్నమాట. చవక మ్యాగజైన్లలో నాకు ఎక్కువగా కనిపించిన లోపం ఇదే, బయటికి తళతళ మెరిసే పాలిష్, లోపల వీపు భాగంలో అతుకు గడ్డలు. ఫాలోవర్ ముక్కు కిందికి వాలిపోతూ లేచినా వద్దనే చెప్పండి, తూటా ముక్కు కూడా అలాగే వాలి ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే గది) కింద గుద్దుకుంటుంది.

స్ప్రింగ్ బలం చేతికి తెలుస్తుంది. పాతదీ కొత్తదీ రెండూ ఒకసారి నొక్కి చూస్తే చాలు. అడుగు పలక తీయడానికి వస్తుందో లేదో కూడా అడగండి, రాకపోతే లోపల శుభ్రం చేయడం కష్టం. నికెల్ పూత ఉంటే పొరలు లేస్తున్నాయేమో చూడండి.

ఇక పిస్టల్‌లో పెట్టి చూడటం. తుపాకీ ఖాళీగా ఉందని మీరూ చూసి, డీలర్‌కూ చూపించాక, ఖాళీ మ్యాగజైన్ ఎక్కించండి. ఒక్కసారికే టక్ మని పడాలి, కిందికి లాగితే రాకూడదు, వదిలితే అడ్డం లేకుండా జారాలి. కొన్ని పాత మోడళ్లలో పిడి అడుగున ఉన్న గొళ్లెం వెనక్కి లాగినా మ్యాగజైన్‌ను కొంచెం పట్టుకునే ఉంటుంది కాబట్టి దానంతట అది జారకపోవడం లోపం కాదు. డీలర్ దగ్గర డమ్మీ తూటాలు ఉంటే నిండా నింపి, స్లైడ్ మూసి ఉండగా ఎక్కించమనండి. నిండిన మ్యాగజైన్ మూసిన స్లైడ్ కింద కూర్చోకపోతే, ఇంటికెళ్లాక ప్రతిసారీ అరచేత్తో బాదుతూ కూర్చోవాలి. అలాంటిది తీసుకోవద్దు.

నింపడంలో ఒక మెలిక

.32 తూటా వెనక అంచు ఒంటి కంటే కాస్త బయటికి ఉంటుంది, పూర్తి రిమ్ కాదు, సగం రిమ్. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ పెనవేసుకుంటాయి, స్లైడ్ పైదాన్ని నెట్టలేదు. చేత్తో స్లైడ్ ఎంత లాగినా ఇది వదలదు, మ్యాగజైన్ తీయాల్సిందే. పొట్టి తూటాలు వేస్తే ముందు ఖాళీ ఎక్కువై ఈ సమస్య ఎక్కువవుతుంది. అందుకే ప్రతి తూటానూ కిందిదాని అంచుకు ముందు వైపు కూర్చునేలా, వెనక్కి పూర్తిగా జరిపి నింపండి. నింపాక మ్యాగజైన్ వీపును అరచేతికి రెండుసార్లు తట్టి, పక్క రంధ్రాల్లోంచి వరుస చూడండి. స్ప్రింగ్ కొత్తగా గట్టిగా ఉంటే మొదట్లో ఒకటి తక్కువ నింపినా నష్టం లేదు.

కాల్చి చూడకుండా నమ్మొద్దు

పొలం గట్టు మీద, బత్తాయి తోట వెనక, గుట్ట దగ్గర కాల్చి చూద్దామనుకోవద్దు. ప్రాణాలకు ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా కాల్చినా, పెళ్లి బరాత్‌లో సంబరానికి కాల్చినా 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నల్లగొండ గుట్టల్లో రాతికి తగిలిన తూటా ఎటు తిరుగుతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. అనుమతి ఉన్న రేంజ్‌లో, ముందే మాట్లాడుకుని, మీ లైసెన్సు మీద అక్కడ ఏది కాల్చొచ్చో అడిగి వెళ్లండి.

మ్యాగజైన్ అడుగు పలక మీద నెయిల్ పాలిష్‌తో 1, 2 అని అంకెలు వేయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ దోషం ఎక్కడుందో పట్టించేది ఇదే. ఒక్కో మ్యాగజైన్‌ను మీరు రోజూ పెట్టుకునే తూటాలతోనే నిండా నింపి కనీసం మూడుసార్లు ఖాళీ చేయండి, అంటే 8 పట్టేదానికి 24. ఎప్పుడు ఆగింది, ఎన్నో తూటాకు ఆగింది, ఏ నంబరు మ్యాగజైన్ అన్నది రాసుకోండి. ఆగడం 2వ నంబరుతోనే జరుగుతుంటే తప్పు మ్యాగజైన్‌ది. రెండింటితోనూ జరిగితే పిస్టల్ వైపో, తూటాల వైపో చూడాలి. చివరి తూటాలు రాకపోతే స్ప్రింగ్, రెండు కలిసి వస్తే లిప్స్, కాల్చిన అదురుకు మ్యాగజైన్ కొంచెం కిందికి దిగితే గాడి లేదా గొళ్లెం. ఖాళీ తొడుగులు ఏరి దాచండి, కొన్నిచోట్ల తూటాల లెక్క అడిగినప్పుడు అవే చూపించాలి.

తూటాలు ఖరీదు, కోటా తక్కువ, నిజమే. అందుకని ఇంట్లో అసలు తూటాలు పెట్టి స్లైడ్ లాగుతూ పరీక్ష చేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంట్లో డమ్మీలే. మ్యాగజైన్ తీసేశాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకు కూడా ఒక మాట, ఛాంబర్‌లో ఒకటి మిగిలి ఉండొచ్చు, స్లైడ్ లాగి కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి నమ్మండి. పిల్లలున్న ఇంట్లో తూటాలు ఒక తాళంలో, పిస్టల్ ఇంకో తాళంలో.

మన ఎండకు, మన దుమ్ముకు

నిండా నింపి పెడితే స్ప్రింగ్ చచ్చిపోతుందని, వారానికోసారి ఖాళీ చేయాలని చాలామంది అంటారు. తలుపు మూసి ఉంచితే బిజాగ్రీలు అరగవు, తీసి వేస్తుంటేనే అరుగుతాయి, మంచి స్ప్రింగ్ సంగతీ అంతే. ఊరికే నింపి తీస్తుంటేనే ఎక్కువ అలసిపోతుంది. పైగా ఒకే తూటాను పదే పదే ఛాంబర్‌లోకి ఎక్కించి తీస్తే ముక్కు లోపలికి దిగిపోయి అది ప్రమాదకరంగా మారుతుంది.

మనకు అసలు శత్రువు దుమ్ము, చెమట. మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీల దగ్గర ఉంటుంది, నడుముకు పెట్టుకున్న పిస్టల్ చెమటలో నానుతుంది. బండి డిక్కీలో వదిలేయడం ఇంకా తప్పు, దొంగల భయం వేరే. నెలకోసారి మ్యాగజైన్ విప్పి పొడి గుడ్డతో లోపల తుడవండి. నూనె బయట రేకుకు ఒక పూత చాలు, లోపల వద్దు. లోపల నూనె ఉంటే మహబూబ్‌నగర్ ఎర్రమట్టి దుమ్మంతా అందులోనే ముద్ద కడుతుంది, తూటా వెనక మందును అంటించే ప్రైమర్‌లోకి నూనె దిగితే అది పేలకపోవచ్చు కూడా. తోలు పౌచ్‌లో నెలల తరబడి ఉంచొద్దు, తోలు తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది.

ఎన్నికలప్పుడు

ఇది మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాలి. కోడ్ వచ్చిందంటే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, తుపాకీ డిపాజిట్ చేయాలి. 2023 నవంబరులో అసెంబ్లీ, 2024 మేలో పార్లమెంటు ఎన్నికలు, ఆరు నెలల తేడాలో చాలామంది పిస్టళ్లు రెండుసార్లు స్టేషన్ గడప ఎక్కి దిగాయి. ఇచ్చేటప్పుడు రసీదులో పిస్టల్ నంబరుతో పాటు మ్యాగజైన్లు ఎన్ని, వాటి మీద ఏ అంకెలు ఉన్నాయి, తూటాలు ఎన్ని అన్నవి రాయించుకోండి. 'పిస్టల్ ఒకటి' అని మాత్రమే రాసి ఉంటే తర్వాత ఒక మ్యాగజైన్ తక్కువొచ్చినా అడగడానికి ఆధారం ఉండదు. ఇచ్చే ముందు ఖాళీ చేసి, తుడిచి, పలచగా నూనె రాసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టివ్వండి. తిరిగి వచ్చాక కౌంటర్ మీద చేసిన పరీక్ష మొత్తం మళ్లీ చేయండి, ముఖ్యంగా లిప్స్. ఇనుప బీరువాలో పది తుపాకుల కింద పడి ఉన్న మ్యాగజైన్ నోరు వంగి ఉండటం వింతేమీ కాదు.

ఐదేళ్లకోసారి లైసెన్సు రెన్యూవల్‌కు వెళ్లేటప్పుడు కూడా మ్యాగజైన్ల బిల్లులు ఫైల్లో పెట్టుకోండి. పనికిరాదని తేలిన మ్యాగజైన్‌ను పాత ఇనుప సామాన్ల అతనికి తూకానికి వేయొద్దు, అది ఎవరి చేతికి పోతుందో తెలియదు. స్ప్రింగ్ బాగుంటే తీసి ఉంచుకుని, మిగతాది అదే డీలర్‌కు అప్పగించి, తీసుకున్నట్టు కాగితం మీద రాయించుకోండి.